పొయ్యి పక్కన చోటు

...పొగ లేదు, అదే ఆమెకి అర్థం కావడం లేదు. ఇన్ని ఇళ్లున్నాయి, ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కి కూర్చున్నట్టు, లోయ ఈ కొస నుంచి ఆ కొస దాకా. నది కూడా వాటి మధ్యనించి ఒదిగి ఒదిగి పోతోంది. ఒక్క కప్పు మీంచి కూడా పొగ లేవడం లేదు. పొద్దు వాలింది. ఈ వేళకి ఏ ఊళ్లోనైనా పొయ్యిలు రాజుకుంటాయి. కొండ దిగి వచ్చేవాళ్లు పొగను చూసే కదా ఊరిని తెలుసుకునేది. సన్నగా నీలంగా లేస్తే ఒంటరి ముసలివాళ్లు. తెల్లగా దట్టంగా వస్తే తడి కట్టెలు, అంటే ఆ ఇంటికి కొత్త కోడలు వచ్చింది. పొగే లేని ఇంటిని ఎలా పోల్చుకోవాలి? ఇన్ని వేల ఇళ్లు, ఒక్కటీ లోపల ఎవరున్నారో చెప్పకుండా, కిటికీలన్నీ ఎర్రటి ఎండలో మెరుస్తూ.

"థింఫూ," అన్నాడు ముందు సీట్లోంచి తాండిన్ సార్, తనే కట్టించినట్టు.

పదకొండుమంది పిల్లలూ కిటికీల వైపుకి ఒరిగిపోయారు. బస్సు కూడా ఒరిగినట్టనిపించింది. చోజోమ్ వెనక సీట్లో రెండు పెద్ద గిన్నెల్ని మోకాళ్లతో అదిమిపట్టి చూసింది. మెరాక్ నుంచి బయల్దేరి ఇది మూడో రోజు. దారిలో వాగుల పక్కన ఆగి అందరికీ ఆమే వండింది, బళ్లో పదకొండేళ్లుగా వండుతున్నట్టే. మోంగర్ దగ్గర అరటిచెట్లు, బుమ్తాంగ్ దగ్గర మంచు చూసింది. అవన్నీ ఎక్కడో ఒకచోట ముందే విన్నవి. ఇలాంటిది వినలేదు. ఎవరైనా చెప్పినా నమ్మేది కాదు.

కాళ్ల దగ్గర తోలు సంచీ ఉంది. అందులో జడల బర్రె పాల జున్ను, రెండేళ్లు మాగింది. దాని వాసన బస్సంతా పట్టి మూడు రోజులైంది. డ్రైవర్ ఫుంచో మొదటిరోజే అన్నాడు, "అక్కా, ఆ సంచీలో ఉన్నది చచ్చిపోయిందా, ఇంకా ప్రాణం ఉందా చెప్పు. ఉంటే ఆస్పత్రి దగ్గర ఆపుతా." పిల్లలు పడీపడీ నవ్వారు. పెల్‌జోమ్ ఒక్కతే నవ్వలేదు. ఆ సంచీ ఆమెదే, అంటే ఆమె కోసమే.

పెల్‌జోమ్‌కి పద్నాలుగేళ్లు. రాజధాని బళ్లో తొమ్మిదో తరగతిలో, హాస్టల్లో సీటు వచ్చింది. తక్కిన పదిమందీ మూడు రోజులు ఊరు చూసి వెనక్కి వెళతారు, ఈ పిల్ల ఉండిపోతుంది. బయల్దేరేముందు వాళ్ల అవ్వ చోజోమ్ చెయ్యి పట్టుకుని అంది: "ఆ ఊళ్లో పిల్లకి ఒక నేపోని చూసిపెట్టి రా. చూడకుండా వచ్చావో, నా గడప తొక్కకు."

నేపో లేని ఊళ్లో కొండవాళ్లు అడుగుపెట్టరు. మంచు తరిమి కిందికి తోస్తే, పొయ్యి పక్కన చోటిచ్చే ఇల్లు ఒకటుండాలి. జున్నూ వెన్నా ఆ ఇంటికి, మొక్కజొన్నా మిరపకాయలూ వీళ్లకి. తాతలనాటి చుట్టరికం, రక్తం లేనిది. కొత్తగా కలుపుకోవాలంటే దానికో పద్ధతుంది. సంచీ గడప దగ్గర దించి కూర్చోవాలి. లోపలినుంచి పిలుపు వస్తే చుట్టరికం, రాకపోతే సంచీ ఎత్తుకుని లేచిపోవాలి. నోరు తెరిచి అడక్కూడదు. అడిగితే అది అడుక్కోవడమే.

బస్సు ఊళ్లోకి దిగుతుండగా తాండిన్ సార్ ఏదో కాగితం మోకాలి మీద పెట్టుకుని రాస్తున్నాడు. పెల్‌జోమ్ హాస్టల్ ఫారం. పుట్టిన తేదీ, తండ్రి పేరు, ఊరు అన్నీ నింపి ఒక గడి దగ్గర ఆగి పెన్ను కొరికాడు.

"ఏం అడుగుతోంది సార్ అది?"

"ఈ ఊళ్లో పిల్లకి బాధ్యత ఎవరూ అని. సెలవురోజు ఎవరింటికి వెళ్లొచ్చు, జ్వరమొస్తే ఎవరికి కబురు పెట్టాలి, అది."

"అంటే నేపో."

సార్ నవ్వాడు. "అలాంటిదే అనుకో."

చోజోమ్ ఆ గడి వైపు చాలాసేపు చూసింది. ప్రభుత్వానికి కూడా తెలుసన్నమాట. ఇంత పెద్ద ఊళ్లో, పొగ లేని ఊళ్లో, అచ్చు వేసిన కాగితం మీద, మనిషికి ఒక పొయ్యి ఉండాలని ఎవరో గుర్తుపెట్టుకుని ఒక గడి గీశారు. ఆమెకి ధైర్యం వచ్చింది.

"సార్‌కి ఇక్కడెవరూ లేరా?"

"నాది పారో అక్కా. ఇక్కడున్న మా చుట్టాలు నన్నే గుర్తుపట్టరు. ఏదో ఒక పేరు రాసేద్దాంలే. ఎవరూ చూడరు."

పెల్‌జోమ్ వెనక్కి తిరిగి చోజోమ్ మొహంలోకి చూసి, మళ్లీ కిటికీ వైపు తిప్పుకుంది.

*

బస ఆ బడిలోనే, పెద్ద హాల్లో. తలుపు దగ్గర హాస్టల్ మేట్రన్ నిలబడి ఉంది. యాభై దాటిన మనిషి, ఒంటికి చుట్టుకున్న కిరా మీద బూడిదరంగు స్వెట్టరు, నడుముకి తాళాల గుత్తి. పిల్లల్ని ఒక్కొక్కరినీ తల మీద వేలుతో తాకి లెక్కపెట్టుకుంటూ లోపలికి పంపింది. చివర్లో చోజోమ్ సంచీ భుజాన వేసుకుని గుమ్మం దాటబోతుంటే మేట్రన్ వేలు గాల్లోనే ఆగిపోయింది. ఆమె మొహంలో అసహ్యం కనిపిస్తుందనుకుంది చోజోమ్. కనిపించింది అసహ్యం కాదు. ఎవరో వెనకనుంచి చిన్నప్పటి పేరు పెట్టి పిలిస్తే మనిషి ఎలా ఉలిక్కిపడతాడో అలా ఉలిక్కిపడి, వెంటనే సర్దుకుంది.

"అది బయట పెట్టించండి సార్," అంది. సంచీ వైపు చూడలేదు, గోడ వైపు చూస్తూ అంది.

అప్పటికే సెలవుల్లోంచి తిరిగొచ్చిన నలుగురైదుగురు హాస్టల్ పిల్లలు మెట్ల దగ్గర మూగారు. ఒకమ్మాయి ముక్కు మూసుకుని, "ఎలక చచ్చింది," అంది. ఇంకొకమ్మాయి, "ఎలక కాదే, వాళ్ల టోపీలు," అంది. మెరాక్ పిల్లలు అయిదు తోకల ఉన్ని టోపీలు ఒక్కొక్కటిగా తీసి వెనక్కి పట్టుకున్నారు. ఎవరూ చెప్పకుండానే తీశారు. చోజోమ్‌కి ఆ తీయడం గుచ్చుకుంది. వానలో, మంచులో తీయని టోపీలు అవి.

సంచీని పెల్‌జోమ్ తీసుకుంది. తనే మోసుకెళ్లి హాలు వెనక, గోడకున్న మేకుకి తగిలించి వచ్చింది. వచ్చాక చేతులు కడుక్కుంది. రెండుసార్లు కడుక్కుంది.

"ఏమనుకోకు అక్కా," అన్నాడు సార్ మెల్లిగా. "వాళ్ల హాలు, వాళ్ల రూల్సు."

"నేనేమనుకుంటాను సార్. ఇల్లు ఎవరిదో వాళ్ల మాటే."

మేట్రన్ హాలు వెనక చోటు చూపించింది. గోడవార మూడు ఇటుకలు, నీళ్ల పంపు, మురిక్కాలవ. "బూడిద కాలవలో పోయకు, మూసుకుపోతుంది," అని, రెండడుగులు వేసి ఆగి, "పొద్దున పంపులో నీళ్లు గడ్డకడతాయి. ఇప్పుడే పట్టి పెట్టుకో," అని వెళ్లిపోయింది. తాళాల చప్పుడు మలుపు తిరిగేదాకా వినిపించింది.

*

మర్నాడు ఊరు చూపించారు.

నాలుగు దారులు కలిసే చోట చిన్న మండపం ఉంది, గుడి గోపురంలా రంగులు వేసి పూలు చెక్కినది. అందులో ఒక పోలీసు, చేతులకి తెల్లటి తొడుగులు. పిల్లల్ని కాలిబాట మీద వరసగా నిలబెట్టారు. ఆ మనిషి ఎడమచెయ్యి చాచి, వేళ్లు విప్పి, మణికట్టు దగ్గర మెల్లిగా తిప్పాడు. ఎడమవైపు కార్లన్నీ కదిలాయి. కుడి అరచెయ్యి నిలువుగా పెట్టాడు. కుడివైపు కార్లన్నీ ఆగాయి. కర్ర లేదు, రాయి లేదు, కేక లేదు. చోజోమ్ పదేళ్ల వయసు నుంచి మంద తోలింది. పదిహేను జడల బర్రెల్ని ఒక వాగు దాటించేసరికి గొంతు పోయేది, వడిసెల తిప్పీ తిప్పీ భుజం వాచేది. ఇతను చూపుడువేలు ముడిస్తే చాలు, ఇనప మంద తల వంచుతోంది. అతని మొహంలో కోపం లేదు, ధీమా కూడా లేదు. వెన్న చిలికే ఆడమనిషి మొహంలో ఉండే ధ్యాస, చేతుల్లోకి వెళ్లిపోయిన ధ్యాస ఉంది.

"అత్తా, అతని చేతులు నెప్పెట్టవా?" అంది పెల్‌జోమ్.

"నెప్పెట్టినట్టు లేవు."

"ఇంటికెళ్లాక పెళ్లాం చెయ్యెత్తితే ఆయన కూడా ఇలాగే ఆగుతాడు," అన్నాడు ఫుంచో. "అక్కడే నేర్చుకున్నాడు."

ఆ తర్వాత కొండమీది బుద్ధుడు. దూరంనుంచి చూస్తే కొండ మీద బంగారపు ముద్ద. దగ్గరికి వెళ్లేకొద్దీ కొండే తగ్గి ఆయన పెరిగాడు. పాదాల దగ్గర నిలబడి తలెత్తితే ఆయన మొహం కనపడదు, ఆకాశంలో గడ్డం ఒకటే కనిపిస్తుంది. వెనక్కి, ఇంకా వెనక్కి నడిచి, ఎక్కడో మెట్ల చివర నిలబడితే అప్పుడు కళ్లు కనిపించాయి. సగం మూసినవి. లోయనంతా చూస్తూ, ఎవరినీ ప్రత్యేకంగా చూడకుండా. పిల్లలు మాట్లాడ్డం మానేశారు. అందరికంటే అల్లరివాడు కూడా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చంకల్లో పెట్టుకున్నాడు.

లోపల, ఆ పెద్దాయన కడుపులో, చిన్న బుద్ధులు. గోడలనిండా, నేల నుంచి కప్పు దాకా, వేలు, పదివేలు, లక్ష అన్నారు. ఒక్కొక్కరిదీ ఒక్కొక్క గూడు, ఒక్కొక్కరి ఒళ్లో అంతే ప్రశాంతత. చోజోమ్ లెక్కపెడదామనుకుని ఒక వరస సగంలో ఆపేసింది. ఒళ్లు జలదరించింది. భయం అయితే కాదు. తనలో ఎప్పుడూ ఏదో ఒకటి మసులుతూ ఉంటుంది, ఉప్పు ఎంత ఉంది, కట్టెలు ఎన్ని ఉన్నాయి, ఎవరు తినలేదు అని. అదంతా ఒక్కసారి ఆగిపోయి, లోపల ఎవరో ఊడ్చి వెళ్లినట్టు ఖాళీ అయింది. ఆ ఖాళీలో ఎంతసేపుందో తెలీదు. మొదట తిరిగొచ్చిన ఆలోచన చూసి ఆమెకే సిగ్గేసింది: ఈయన ఇంట్లో ఇంతమందికి చోటుంది, ఒకరి మోకాలు ఒకరికి తగలకుండా.

ఆ మధ్యాహ్నం పిల్లలకి అన్నం పెట్టాక ఆమె మేకు మీంచి సంచీ తీసుకుని వీధిలోకి వచ్చింది. ఎదురుగా నాలుగంతస్తుల ఇల్లు. దాని కప్పు మీంచి సన్నగా పొగ లేస్తోంది. రెండు రోజుల్లో ఆమెకి కనిపించిన మొదటి పొగ. మెట్లెక్కింది. ఎక్కీ ఎక్కీ పైకి చేరితే కప్పు మీద ఎవరో దేవుడికి వేసిన దేవదారు కొమ్మలు మట్టి మూకుడులో కాలుతున్నాయి. పక్కన ఎవరూ లేరు. పొగ ఉంది, పొయ్యి లేదు.

ఒక అంతస్తు దిగింది. అయిదు తలుపులు, అయిదూ ఒకేలా, నంబర్లు వేసి ఉన్నాయి. ఎక్కువ చెప్పులున్న తలుపు దగ్గర సంచీ దించింది, గడపకి ఎడమవైపు. కుడివైపు తను కూర్చుని మోకాళ్ల మీద చేతులు పెట్టుకుంది. మెట్ల కిటికీలోంచి బడి గోడా, హాలు వెనక తను వదిలొచ్చిన గిన్నెలూ కనిపిస్తున్నాయి. ఎవరెవరో ఎక్కారు, దిగారు. ఒక ముసలాయన సంచీ చుట్టూ తిరిగి వెళ్లాడు. తలుపు లోపల టీవీ మోగుతోంది, ఎవరో నవ్వుతున్నారు, పిల్లాడెవడో పాఠం వల్లిస్తున్నాడు. ఇన్ని బతికిన చప్పుళ్ల మధ్య ఒక్క తలుపు మందమే అడ్డం. తొందర లేదు. తాత ఒకసారి ఒకటిన్నర రోజు కూర్చున్నాడట.

గంట దాటాక తలుపు తెరుచుకుంది. పాతికేళ్ల పిల్ల, చెవి దగ్గర ఫోన్.

"ఎవరు కావాలి?"

చోజోమ్ మాట్లాడలేదు. మాట్లాడకూడదు.

"అమ్మడానికొచ్చావా? మేం బయటివి కొనం అక్కా."

"అమ్మడానికి కాదు."

"మరి? గుడి కట్టడానికి చందాకా?" ఆ పిల్ల ఫోన్లో ఎవరితోనో, "ఉండు, ఎవరో కొండావిడ, పాపం," అని లోపలికి వెళ్లి బిస్కెట్ పొట్లం తెచ్చి చోజోమ్ చేతుల్లో పెట్టింది. "ఎంత దూరం నుంచి వచ్చావో, తిను," అంది. తలుపుకి తాళం వేసుకుని టకటకా దిగిపోయింది.

చోజోమ్ పొట్లం వైపు చూస్తూ ఇంకాసేపు కూర్చుంది. ఆ పిల్ల చెడ్డది కాదు. అదే కష్టంగా ఉంది.

*

తెల్లవారి చూసేసరికి మేకుకి తోలు పేలిక ఒకటి వేలాడుతోంది. కింద గచ్చంతా నాకి శుభ్రం చేసి ఉంది. గోడ అవతల ఎండలో ఊరి కుక్కలు పది పన్నెండు, పొట్టలు ఉబ్బించుకుని, పెళ్లిభోజనం చేసిన పెద్దమనుషుల్లా పడుకున్నాయి.

ఫుంచో వచ్చి గోడ మీంచి తొంగిచూశాడు. "అయిపోయిందక్కా, ఇక నీకు ఈ ఊళ్లో పన్నెండుమంది నేపోలు. అందరికీ తోకలున్నాయి."

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వుతూనే మొహం పక్కకి తిప్పుకుంది. ఫుంచో అది చూసి, గోడ దిగి, పంపు దగ్గర మంచుగడ్డ పగలగొట్టి రెండు బిందెల నీళ్లు పట్టి పెట్టాడు.

ఆ రోజు స్తూపం దగ్గరికి తీసుకెళ్లారు. తెల్లటి స్తూపం చుట్టూ ముసలివాళ్లు వందమంది ప్రదక్షిణం చేస్తున్నారు. చేతుల్లో ప్రార్థన చక్రాలు, పెదాల మీద మంత్రం, కాళ్లకి రకరకాల బూట్లు. ఏరు సుడి తిరిగినట్టు తిరుగుతున్నారు. పిల్లలు ఆ ప్రవాహంలో కలిసిపోయారు. చోజోమ్ ఒక ముసలమ్మ పక్కన నడిచింది. సంచీ లేదు కాబట్టి పద్ధతీ లేదు. పద్ధతి లేకపోతే మాట్లాడొచ్చు.

"ఇంటిదగ్గర ఎవరున్నారవ్వా?"

"కూతురు, అల్లుడు, వాళ్ల ఫోన్లు." ముసలమ్మ నడక ఆపలేదు. "పొద్దున్నే ఇక్కడికి వస్తా. చీకటి పడ్డాక పోతా. అందరం అంతే."

"పొయ్యి లేదా మీ ఇంట్లో?"

"ఉంది, ఎందుకు లేదూ. నీలం మంట. టిక్కుమంటే వెలుగుతుంది, టిక్కుమంటే ఆరిపోతుంది. దాని పక్కన ఎవరూ కూర్చోరు తల్లీ, కూర్చోడానికి చోటూ లేదు." ఇంకో చుట్టు తిరిగాక తనే అంది, "నన్నడుగుతావేం. నేనే అక్కడ చుట్టపుచూపుగా ఉన్నా."

పెల్‌జోమ్ ఇదంతా వెనకనుంచి వింటూనే ఉంది. బస్సెక్కేటప్పుడు అంది, "అత్తా, వదిలెయ్. సార్ ఏదో పేరు రాస్తానన్నారుగా. నాకు మంచం ఇచ్చారు. దుప్పటి ఉంది. ఇంకేం కావాలి." గొంతు మామూలుగానే ఉంది. కాసేపటికి, "సెలవురోజు అందరూ వెళ్లిపోతే గేటు తాళం వేస్తారా, తీసే ఉంచుతారా? అది కనుక్కుంటావా," అంది.

*

సాయంత్రం వెలుగు ఇంకా ఉంది. చోజోమ్ గిన్నెలకి బూడిద రాసి తోముతోంది. తాళాల చప్పుడు వచ్చి ఆమె వెనక ఆగింది.

"నీ సంచీ కుక్కలు తిన్నాయట," అంది మేట్రన్.

"తిన్నాయి మేడం."

"నిన్న ఎదుటి ఇంటి మెట్ల మీద కూర్చున్నావు. గంటన్నర."

"చూశారా."

"మా కిటికీలోంచి కనిపిస్తుంది. గడపకి ఎడమవైపు సంచీ, కుడివైపు నువ్వు, మోకాళ్ల మీద చేతులు. అలా కూర్చుంటే ఈ ఊళ్లో గుర్తుపట్టేది నేనొక్కదాన్నే."

చోజోమ్ చెయ్యి గిన్నె లోపల ఆగిపోయింది. తిరిగి చూడ్డానికి భయమేసింది, చూస్తే జారిపోతుందేమోనని. "మేడంది ఏ ఊరు?"

"రాధి."

రాధి. వరిచేల లోయ. మెరాక్ వాళ్లు సగంమంది చలికాలానికి దిగేది అక్కడికే. పొగ లేని ఇన్ని వేల ఇళ్ల మధ్యనుంచి, లక్షమంది బుద్ధులు చూస్తుండగా, వెతుకుతున్నది తాళాల గుత్తి కట్టుకుని తనంత తనే వచ్చి నిలబడింది. చోజోమ్ బూడిద చేతుల్తోనే లేచి నిలబడింది.

"అడక్కు," అంది మేట్రన్.

"నేను అడగలేదు మేడం."

"మీరు అడగరు. ఎప్పుడూ అడగరు. కూర్చుంటారు." ఆమె గొంతు పెంచలేదు. పంపు బాగా కట్టారో లేదో తిప్పి చూసింది. "మా నాన్న మీ వాళ్లకి నేపో. పద్నాలుగుమంది, రెండు నెలలు. నాకు ఊహ తెలిసినప్పటినుంచి పదహారేళ్లు వచ్చేదాకా ప్రతి చలికాలం పశువుల కొట్టంలో పడుకున్నా, నేనూ చెల్లెలూ. మా అమ్మ పద్నాలుగుమందికి వండి, చివర్లో గిన్నె గీకి మాకు కొట్టంలోకి తెచ్చిచ్చేది. బళ్లో నన్ను జున్నుపిల్ల అనేవాళ్లు. తల దువ్వుకున్నా పోదు ఆ వాసన. మొన్న మీ పిల్ల చేతులు రెండుసార్లు కడుక్కుంది చూశావా? నేను ఏళ్లు కడుక్కున్నా."

చోజోమ్ తన బూడిద చేతుల వైపు చూసుకుంది. "మా వాళ్లు..." అంది.

"మంచివాళ్లే. కాదన్లేదు. ఒక తాత నాకు ఉన్నితో బొమ్మ చేసిచ్చాడు. పొయ్యి పక్కన, నా చోట్లో కూర్చుని చేసిచ్చాడు." ఆమె కాసేపు మురిక్కాలవ వైపు చూసింది. "మా నాన్న పోయాక ఆ ఇల్లు అమ్మేశాం. నేపో అన్న మాట ముప్పయ్యేళ్లుగా నా నోటంట రాలేదు. రేపు మీ బస్సు ఎన్నింటికి?"

"అన్నాలు తినగానే మేడం."

"బూడిద ఎత్తి వెళ్లు."

ఆమె వెళ్లాక చోజోమ్ గిన్నె ముందు మళ్లీ కూర్చుంది. తోమలేదు. ఖాలింగ్ దగ్గర తమకొక నేపో ఇల్లుండేది. పొయ్యి దగ్గర చెక్కపలక, దాని వెచ్చదనం ఇప్పటికీ వీపుకి గుర్తుంది. ఆ ఇంట్లో ఒక పిల్ల ఉండేది. సాయంత్రమయ్యేసరికి చంకలో గడ్డికట్ట పెట్టుకుని గుమ్మం దాటి బయటికి వెళ్లేది. దూడలకి వెయ్యడానికనుకునేది చోజోమ్. నలభై ఏళ్ల వయసు వచ్చినా, ఇవాళ్టి దాకా అలాగే అనుకుంది. ఆ పిల్ల తిరిగి లోపలికి రావడం ఒక్కసారైనా చూసిందా? ఎంత తవ్వుకున్నా ఆ గుమ్మంలోంచి బయటికి వెళ్లే వీపే కనిపిస్తోంది. పేరు గుర్తు లేదు. అడిగిందో లేదో కూడా గుర్తు లేదు.

ఒక మనిషి లోపల ఇంత పెద్ద ఊరు ఉంటుందా అనిపించింది ఆమెకి. నిన్న చూసిన బుద్ధుడి ముందు కూడా తను ఇంత చిన్నగా నిలబడలేదు. వీధిలో దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. ప్రతి కిటికీ వెనకా ఎవరో ఒకరు ఎవరికో ఒకరికి చోటు వదులుకుని ఉంటారు. ఎవరికీ తెలీకుండా.

*

పొద్దున గాలి నది వైపునుంచి కొడుతోంది, చురకత్తిలా. ప్రయాణపు వంట కాబట్టి చోజోమ్ గంజిలో వెన్న ఎక్కువ వేసింది. పిల్లలు కంచాలు పట్టుకుని పొయ్యి చుట్టూ ముడుచుకుని కూర్చున్నారు. పెల్‌జోమ్ కొత్త హాస్టల్ యూనిఫాం వేసుకుంది. తక్కిన పదిమందీ ఆమె వైపు చూడకుండా ఉండటానికి పెద్దగా మాట్లాడుకుంటున్నారు. ఒకమ్మాయి తన చెవిపోగులు తీసి ఆమె గుప్పిట్లో పెట్టి మళ్లీ తినడం మొదలెట్టింది.

పొయ్యికి ఎగువన, గోడవార, ఒక మొద్దు మీద గోనెపట్ట. మూడు రోజులుగా చోజోమ్ కూర్చునే చోటు అది. వెనక గోడ గాలికి అడ్డం, ముందు మంట. పొగంతా అవతలి వైపుకి పోతుంది. వంటమనిషి చోటు కాబట్టి అందులో ఎవరూ కూర్చోరు.

మేట్రన్ వచ్చింది. చేతిలో ఫారం. పొగ వచ్చే వైపే నిలబడింది, దగ్గరికి రాకుండా. స్వెట్టరు చేతులు వేళ్ల దాకా లాక్కుంది.

"ఈ గడి ఖాళీగా ఉంది," అంది. "ఆఫీసు పదింటికి తెరుస్తారు. మీ సార్ ఎవరి పేరో ఒకటి రాస్తానంటున్నారు."

"వద్దు మేడం."

"ఏం?"

"లేని ఇంటి పేరు ఎందుకు. ఖాళీగా ఉంటే ఖాళీ అనే ఉండనివ్వండి. పిల్లకి తెలుసు." పెల్‌జోమ్ తల ఊపింది, కంచంలోంచి కళ్లెత్తకుండా.

"ఖాళీగా ఉంటే తీసుకోరు."

చోజోమ్ గరిటె తిప్పుతూ ఉండిపోయింది. ఏం చెప్పాలో పొద్దుటినుంచి వెతుకుతోంది. క్షమించమనాలా? ఎవరి తరఫున? పద్నాలుగుమంది తరఫునా? ఆ బొమ్మ చేసిన తాత తరఫునా? తను దాటి వచ్చిన ఆ గుమ్మం తరఫునా? ప్రతి మాటా నోటిదాకా వచ్చేసరికి అడగడంలాగే తయారవుతోంది. ఈమె ముందు మళ్లీ సంచీ దించినట్టే అవుతోంది.

మేట్రన్ వెళ్లలేదు. ఫారం రెండు మడతలు పెట్టి విప్పింది. గాలి మళ్లీ కొట్టి, పొగ సుడి తిరిగి ఆమె మొహాన పడింది. ఆమె దగ్గి, కళ్లు తుడుచుకుని, అక్కడే నిలబడింది. చిన్నప్పటినుంచి అలవాటున్నట్టు ఎలా నిలబడాలో ఆ కాళ్లకి తెలుసు.

చోజోమ్ గరిటె గిన్నెలోనే వదిలి లేచింది. గోనెపట్ట దులిపి మళ్లీ మొద్దు మీద పరిచింది. పిల్లల వెనకనుంచి పొయ్యి చుట్టూ నడిచి వచ్చి, మేట్రన్ కాళ్ల పక్కన, పొగ వచ్చే వైపు నేల మీద కూర్చుంది. పొగ కళ్లలో పడింది. కళ్లు మూసుకుని చెయ్యి చాచి గరిటె అందుకుని, అటునుంచే కలపడం మొదలుపెట్టింది.